ఏడో గడి

కొర్లగుంట మలుపులో కొన్న బొరుగులు.
పొట్లం విప్పితే లోపల పోయిన ఆదివారం:
నల్ల గళ్లు, తెల్ల గళ్లు,
ఎవరో సగం నింపి, విసుక్కోని వదిలేసిండేవి.

కాజాల సూది పైటకే గుచ్చుకోని
కొలతలు రాసే పెన్సిలు అడిగినా.
"ఏం లెక్క, చెంగమ్మా?" అన్నాడు కరీముల్లా మాస్టరు
మిషను ఆపకుండానే.
లెక్క కాదన్నా, మాటలు.

అడ్డం ఒకటి. కోస్తే ఏడిపిస్తుంది, నాలుగు గళ్లు.
ఎర్రగడ్డ. నాలుగుకు నాలుగూ సరిపోయినాయి.
కానీ మొదటి గడిలో ఉ ముందే ఉంది,
ఎవరో ఇంకుతో, గట్టిగా. నిలువున ఉత్తరీయం.
ఉ మింద ఎ దిద్దబోయి ఆగినా.
ఉ అయితే ఉల్లిపాయ.
మా ఇంట్లో ఆ మాట బడి పుస్తకం దాటి
వంటింటి దాకా ఎప్పుడూ రాలేదు.

చెనిక్కాయ రాస్తే ఒక గడి మిగిలింది.
గెణసుగడ్డ రాసినా ఒకటి మిగిలింది.
నేను నములుతా ఉండే బొరుగులకు కూడా ఒకటి.
మరమరాలంట!
మా మాటలన్నీ ఒక గడి పొట్టి.
ఈ గళ్లు కత్తిరించినాయన ఎవరో
మా ఒంటికి టేపు పట్టి చూడలేదు.

రవిక, మూడు. ఇంకుతో రాసేసినారు.
దినానికి ఇరవై రైకలకు హుక్కులేస్తా,
మధ్యలో ఈ వ ఎప్పుడు జారిపోయిందో తెలీదు.

అడ్డం ఏడు. చీర చివర, రెండు.
నవ్వొచ్చింది. నా పేరు తుంచి పెట్టినట్టుంది.
చెంగు.

నిలువు ఏడు. తిరుపతి పోతే ఎక్కేది, రెండు.
"బస్సు" అన్నాడు మాస్టరు.
"మెట్లు" అనింది మోకాలు నిమురుకుంటా
రైకల కోసం గంట నుంచి కూచోనుండే శకుంతల టీచరు.
కింది గడిలో ఇంకుతో డ.
ముగ్గురం ఒకేసారి వీధి వైపు తిరిగినాం.
కరెంటు తీగల మింద, మిద్దెల్లో ఆరేసిన లుంగీల మింద,
అంగడి తలుపు పట్టినంత మేర
కొండ.

అయితే చెంగు పోవాల, కొంగు రావాల.
పెన్సిలు తోకతో ఎంత రుద్దినా
కొం వెనకాల చెం కనపడతానే ఉంది,
కుట్టు విప్పిన గుడ్డలో సూది బెజ్జాల మాదిరి.

నిలువు పద్నాలుగు ఆధారం చిరుగులో పోయింది.
మూడు గళ్లు మాత్రం ఉండాయి, చుట్టూ నలుపు.
మిషను కింద చూసినా.
పేలిక, అని రాసినా.
తప్పని ఎవరు చెప్తారు?

"హుక్కులు" అన్నాడు మాస్టరు.
మిగిలిన బొరుగులు టీచరు దోసిట్లో పోసి
కాగితం మళ్లీ పొట్లం కట్టినా,
హుక్కులకు.