పైకప్పు రేకు

మా ఆటలో గెలిచినవాడు వెనక్కి వెళ్ళాలి.
కొత్తవాడి కారుకి తెల్ల పైకప్పు, వాడిది ముందు వరస.
తర్వాత పసుపు, ఆ వెనక నీలం,
అందరికంటే వెనక ఎర్రకప్పులు,
ముందున్నవాళ్ళను గుద్దుకుంటూ దారి చేసుకోవలసినవాళ్ళు.
ఇది తెలియకపోతే మా ఇంటి సంగతి అర్థం కాదు.

కీత్లీలో ఉన్ని మిల్లు వెనక సందు.
తాత విల్ఫ్రెడ్ ఓల్డ్‌రాయిడ్ మగ్గాలకు నూనె పెట్టే మనిషి.
యాభై ఆరులో పాస్టరు గారు అమ్మేసిన నల్ల ఆస్టిన్‌ని
పద్దెనిమిది పౌండ్లకు తెచ్చి
అద్దాలు పీకి, తలుపులు వెల్డు చేసి,
ఇనప మంచం పట్టీలతో బంపరు కట్టాడు.
మంచం ఎవరిదని నాయనమ్మ హిల్డా అడగలేదు.
రాత్రి పడుకోబోతే తెలిసింది.

కారు మీద అంకె 263.
మిల్లు గేటు దగ్గర ఆయన హాజరు బిళ్ళ నంబరు.
"వారమంతా వాళ్ళది, శనివారం నాది" అనేవాడట.

కార్లు మారాయి. ఛాసిస్‌లు వంగాయి, ఇంజన్లు పగిలాయి.
ఒకటి బస్సుది, ఒకటి పాత జాగ్వార్‌ది,
ఒకటి ఎక్కడిదో నాన్న చెప్పలేదు.
రేకు మాత్రం మారలేదు.
కారు తుక్కుకి పోయే ముందు పైకప్పు కోసి
కొత్తదానికి అతికేవాళ్ళు.
పొదుపు, అనేవాడు నాన్న క్లైవ్.
అతికే రాత్రి మాత్రం రేడియో కట్టేసేవాడు.

చేపల వ్యాపారి దగ్గర కొన్న లారీలో కారు పోయేది.
మేం ట్రాకు చేరేసరికి ఆ ఊరి పిల్లులు మా వెంట.
రాత్రి స్నానాల తొట్టి నిండా ఎర్రమన్ను,
ఆదివారం చర్చిలో నా చెవి వెనక ఇంకా కొంచెం.

ఎనభై మూడు, ఒకే ఒక్క ఎండాకాలం,
మేము ఎర్రకప్పు.
అమ్మ బెరిల్ మాంసం కొట్లకు బోర్డులు రాసేది.
రంగు తనే కొంది, రెండు డబ్బాలు.
సెప్టెంబరులో నాన్న మణికట్టు కంచెకి తగిలింది.
మరుసటి ఏడు పాయింట్లు జారాయి,
ఉత్తరం వచ్చింది: నీలం.
దిగిన రంగు కూడా ఎవరిది వాళ్ళే వేసుకోవాలి.

నాన్న వారం పాటు షెడ్డు వైపు పోలేదు.
ఒక రాత్రి అక్కడ దీపం కనబడి వెళ్ళాను.
నైట్‌గౌను మీద ఆయన కోటు తొడుక్కొని
అమ్మ ఎరుపు మీద నీలం వేస్తోంది,
బ్రష్షు గీత పడకుండా,
డబ్బులిచ్చే కొట్టు బోర్డుకి వేసినంత శ్రద్ధగా.
"పోయి పడుకో" అంది.
కాసేపాగి, "ఆ నిచ్చెన పట్టుకో" అంది.

తెల్లారి నాన్న వచ్చి చూశాడు.
టీ మొత్తం తాగాడు.
"ఇంకో పూత కావాలి" అన్నాడు.

తర్వాత అన్న గ్లెన్ రెండేళ్ళు నడిపాడు.
ఇప్పుడు హారోగేట్‌లో తివాచీలు అమ్ముతున్నాడు, బాగానే ఉన్నాడు.
తొంభై రెండులో నేను.
తెల్లకప్పు, ముందు వరస,
నా ముందు ఎవరూ లేని ట్రాకు.
అంత ఖాళీ నేనెప్పుడూ చూడలేదు.
రెండో మలుపులో ఒక ఎర్రకప్పు నన్ను కంచెలోకి నెట్టింది.
ఆట అయ్యాక ఆయనే వచ్చి చెయ్యి కలిపి
"మీ తాత మా నాన్నని ఇదే మలుపులో" అన్నాడు,
చుట్టరికం కలుపుకున్నట్టు.

నిన్న తనిఖీ ఆయన రేకు మీద తట్టి
"ఇనుము కంటే రంగు బరువెక్కువ" అని నవ్వాడు.
అందుకని ఇవాళ ఉలి తీసుకొని కూర్చున్నాను.
నా పసుపు, దాని కింద నా తెలుపు,
గ్లెన్ తెలుపు, కాస్త ఉండకట్టి.
అమ్మ నీలం ఊడనంటుంది. రెండు పూతలు.
దాని కింద ఎరుపు,
గోరంచు కంటే పలచన.
ఒక్కటే పూత.

రెండో డబ్బా అటక మీద అలాగే ఉంది.
కదిపి చూశాను. లోపల చప్పుడు లేదు.

ఇంకా కింద ఎన్నో ఉన్నాయి,
అడుగున పాస్టరు గారి నలుపు దాకా.
ఎరుపు దగ్గర ఉలి ఆపేశాను.
సోమవారం గ్లెన్ కూతురు వస్తుంది, సీటు కొలతకి.
తెల్లరంగు కొనాలి.