గాలి పద్దు

ఎండ ముదిరితే ఐస్‌క్రీమ్ పోతుందనుకుంటారు
కొట్టు పెట్టనివాళ్ళు.
నేనూ అనుకున్నాను,
అప్పు చేసి రెండో ఫ్రీజర్ కొన్న ఏడు.

పడమటి గాలి కొట్టిన రోజున
పెదవాల్తేరు డౌన్‌లో కుక్క కూడా కదలదు.
తారు మెత్తబడి చెప్పుల్ని పట్టుకుంటుంది.
పన్నెండు నుంచి ఐదింటిదాకా
నేనూ, స్టెబిలైజరూ, దాని మూలుగూ.
నలభై ఒక్క డిగ్రీలు, నాలుగు కోన్‌లు.
అందులో ఒకటి నేనే తిన్నాను.

మూడింటికి గాలి తిరిగిందా, ఇక వేరే ఊరు.
లాసన్స్ బే మీంచి ఉప్పగా, తడితడిగా,
జాకెట్టు వీపుకి అతుక్కుపోయే ఉక్కతో వస్తుంది.
ముప్పై నాలుగే చూపిస్తుంది ఫోను,
కానీ ఇంట్లో ఎవరూ కూర్చోలేరు.
స్కూటర్లు బీచ్ వైపు దిగుతాయి
ముందొక పిల్ల, మధ్యనొక పిల్ల, వెనక అత్తగారు.
ఏడింటికల్లా మామిడి ఖాళీ.

అందుకే నా లెక్కల పుస్తకంలో
తారీఖు పక్కన గాలికో గడి గీశాను.
పడమరకి "ప". తూర్పుకి "తూ".
లోను రెన్యువల్‌కి వచ్చిన బ్యాంకాయన పేజీ తిప్పి
తూ, తూ, తూ అని పైకే చదివి
"ఎవరి మీదమ్మా ఇంత కోపం?" అన్నాడు.

ఈ గడి నేర్పింది మా ఆయన.
బోటు మీద అందరూ తాతారావంటారు.
ఏప్రిల్ నడిమి నుంచి రెండు నెలలు వేట బంద్.
అదే నాకు సీజను.
ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు,
ఒకటి రాజుకుంటే ఒకటి ఆరిపోవాలని
ఎవరు పెట్టారో గానీ, అలా జరిగిపోతోంది.
ఆ రెండు నెలలూ వచ్చి గల్లా దగ్గర నిలబడతాడు.
గుమ్మంలోకెళ్ళి ముఖం పైకెత్తి
"ఇంకో గంటలో తిరుగుద్ది, కోన్‌లు పైకి తియ్యి" అంటాడు.
తిరుగుతుంది.

చిక్కల్లా ఆ చేతితోనే.
వల లాగిన చెయ్యికి చిన్న ముద్ద తీయడం రాదు.
డెబ్భై గ్రాములంటే నూట ఇరవై పడుతుంది.
తక్కెడ చూపిస్తే
"పిల్లలు కదే" అంటాడు.
నలభై ఏళ్ళ ఆటోడ్రైవర్ కూడా ఆయనకి పిల్లాడే.

ఆషాఢం దాటాక నా చూరు కింద
ఎల్లాజీ మొక్కజొన్న పొత్తుల బొగ్గులు రాజేస్తాడు.
అద్దె అడగను. రోజుకో పొత్తు ఇస్తాడు.
మే నెలలో వాడికి నా కుల్ఫీ బాకీ, అలా చెల్లు.
డిసెంబరులో అరకు నుంచి దిగిన టూరిస్టులు
చెవులకి మఫ్లరు, చేతిలో బటర్‌స్కాచ్,
వణుకుతూ తింటారు. వాళ్ళని నేను ప్రశ్నించను.

అక్టోబరు మాత్రం నాకు పడదు.
మొన్న అల్పపీడనం వాయుగుండమైందన్నారు.
రేవులో మూడో నంబరు ఎగరేశారన్నారు.
బోటు అప్పటికి మూడు రోజులుగా నీళ్ళ మీద ఉంది.
పాలవాడికి వద్దని ఫోన్ చేశాను.
ఎల్లాజీ కూడా బండికి టార్పాలిన్ కట్టి పోయాడు.
సాయంత్రం గొడుగు తిరగబడి ఒకాయన వచ్చాడు,
కేజీహెచ్‌లో కొడుక్కి టాన్సిల్స్ తీశారట,
డాక్టరు చల్లనిది పెట్టమన్నాడట.
వెనిల్లా ఒక కప్పు. నూట ఇరవై గ్రాములు వేశాను,
తక్కెడ వైపు చూడలేదు.

ఆ రాత్రి షట్టరు సగం దించి కూర్చున్నాను.
అమ్మకం గడిలో ఒకటే అంకె.
గాలి గడిలో మాత్రం గంటకోసారి రాశాను.
ఈశాన్యం. ఈ. ఈ. ఈ.
కరెంటు పోయాక సెల్‌ఫోన్ వెలుతురులో
ఇంకో ఈ.

మర్నాడు తొమ్మిదిన్నరకి
ఒళ్ళంతా డీజిలు కంపుతో, కళ్ళు ఉబ్బి
లోపలికొచ్చి ఫ్రీజర్ మూత ఎత్తి
"పిస్తా ఉందా?" అన్నాడు.

డబ్బులిచ్చి తినమన్నాను.