వెంట్రుకవాసి

నలభై ఏళ్లు పియానోలకు శ్రుతి చేసిన చెవి నాది.
ఇప్పుడు పైస్థాయి స్వరాలు మూడు
నాకు వినిపించడం మానేశాయి.
గ్లేస్ బే చర్చి వాళ్లు మర్యాదగానే చెప్పారు,
వచ్చే ఏటికి వేరే కుర్రాణ్ణి పిలుచుకుంటామని.

అందుకే ఈ కొలిమి.
అందుకే అనడం కూడా పూర్తిగా నిజం కాదు.
షెడ్డులో ట్రక్కు బ్రేక్ డ్రమ్ము ఒకటి ఊరికే పడి ఉంది,
విలీనా పారేద్దామన్న హెయిర్ డ్రయ్యర్ ఉంది,
సముద్రం కోసిన కొండచరియ ప్రతి తుఫానుకీ
గంపెడు బొగ్గు రాల్చి పెడుతుంది.
నిప్పు దానంతటదే రాజుకుంది.

దాగలి మాత్రం దొరకలేదు.
హాలిఫాక్స్‌లో ఒకాయన అమ్ముతున్నాడు, నూట యాభై కిలోలది.
ఎద్దు మూపు నిమిరినట్టు దాని కొమ్ము నిమురుతూ
నా కారుకి రాని ధర చెప్పాడు.

సరే, దాగలంటే ఏమిటి?
దెబ్బ తిని, కదలకుండా, కొంత తిరిగిచ్చేది.
పాత ఇనుము కొట్లన్నీ తిరిగాను
జేబులో ఒక బేరింగ్ గుండు వేసుకుని.
ప్రతి ముక్క మీదా జానెడు ఎత్తు నుంచి వదిలేవాణ్ణి.
నీళ్ల గొట్టం మూత: తొప్పుమంది. గుండు అక్కడే చచ్చింది.
ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ము: సగం దూరం లేచింది, బద్ధకంగా.
ఓడ గొలుసు లంకె సంగతి చెప్పను.
చివరికి తుప్పల్లో రైలు పట్టా ముక్క, మూరెడు,
గనుల నుంచి రేవుకి బొగ్గు మోసిన లైనుది.
గుండు దాదాపు నా చేతికే తిరిగొచ్చింది.
పైగా అది మోగింది.
ఎఫ్ షార్ప్. వెంట్రుకవాసి తక్కువ.

కొట్టు యజమాని జబ్లాన్స్కీ తూచి ఆరు డాలర్లన్నాడు.
"దేనికి?"
"కొట్టడానికి."
"ఎవర్ని?"

పట్టాను పడుకోబెడితే నడుము సన్నం, తుళ్లిపడుతుంది.
నిలబెట్టాను.
పైన ముఖం అరచేతిలో సగమే,
కానీ దాని కింద మూరెడు ఇనుము నిటారుగా నిలబడి కాస్తుంది.
మేపుల్ మొద్దు తొలిచి, అందులో దిగ్గొట్టాను.

పట్టకారు చెయ్యాలంటే పట్టకారు కావాలి.
ఈ ముడి మొట్టమొదట విప్పిందెవరో,
వాడికి వేళ్లు మిగిలాయో లేదో.
నాది ప్లంబర్ దగ్గర అరువు తెచ్చింది,
మూడో వేడికే దాని స్ప్రింగు మెత్తబడి చేతులెత్తేసింది.

శనివారం ఎదురింటి ఎఫీ మెక్‌ఆస్కిల్
పాత సామాన్లు వాకిట్లో పెట్టి అమ్ముతోంది.
గాజు గిన్నెలు, చేపల గాలాలు, ఒక పెట్టెలో ఆకురాళ్లు,
ఒక సుత్తి.
దాని పిడి మీద బొటనవేలి గుంట, ఎడమచేతి వాటం.
గనిలో గుర్రాలకు వాళ్ల నాన్న
నాడాలు కొట్టిన సుత్తి.
"అది అమ్మకానికి కాదు," అంది. "ఎందుకు బయట పెట్టానో తెలీదు."
ఆకురాళ్లకు రెండు డాలర్లు తీసుకుంది.
బల్ల కింద నుంచి పట్టకారు తీసిచ్చి
దానికేమీ తీసుకోలేదు.

నేను చేసిన మొదటి వస్తువు కొక్కెం.
ఎరుపు నారింజలోకి తిరిగేదాకా ఆగలేకపోయాను,
మెడ దగ్గర చీలింది.
రెండోదానికి విలీనా వానకోటు తగిలించింది,
తగిలిస్తూ అంది,
ఈ వీధిలో నిద్రపోయే హక్కు ఇంకా ఎవరికైనా ఉందా అని.

నిజమే. పట్టాకి గొలుసు చుట్టాను, నాలుగు వరుసలు బిగించి.
మోత ఆగిపోయింది.
టక్, టక్. ఎవరో తలుపు తడుతున్నట్టు.
వెయ్యి ముక్కలు వదిలేసి గొంతు చూసి ఏరుకున్నదానికి
నా చేత్తోనే గుడ్డ కుక్కాను.
ఇనుముకి తేడా తెలీదు. పని సాగింది.

తొమ్మిదో రోజు ఫోను.
"ఆపేశావా?" అంది ఎఫీ.
లేదన్నాను. గొలుసు సంగతి చెప్పాను.
కాసేపు ఏమీ అనలేదు. ఆమె వైపు
కిటికీ చువ్వ లేపిన చప్పుడు.
"విప్పు."

విప్పాను.
ఉత్త పట్టా మీద ఒక్క దెబ్బ వేసి
ఫోను మళ్లీ చెవికి ఆనించాను.
ఆ మోత రోడ్డు దాటి, ఆమె గదిలోకి వెళ్లి,
ఫోనులోంచి నా దగ్గరికే తిరిగొచ్చింది.

"మా నాన్నదానికంటే
కాస్త కిందికి పలుకుతోంది," అంది.

తెలుసన్నాను.