గళ్ళ దిండు

సెలవు చీటీలో కడుపునొప్పి అని రాయించినా.
అబద్ధమేం కాదు,
ఒక జానెడు కిందికి జరిపితే నిజమే.

డాక్టరమ్మ పది నిమిషాల్లో ముగించేసింది.
కుట్టు లేదు, కత్తెర లేదు.
చిన్న రబ్బరు రింగు తగిలించి
"వారంలో అదే రాలిపోతుంది" అనింది.
పద్నాలుగేండ్లుగా కాలర్లు కుడతా ఉన్నా,
దారం లేకుండా ఇంత పని అవుతాదని
నాకెవురూ చెప్పలే.

"దినానికి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతావమ్మా?"
వేళ్ళు మడిచినా.
ఒక వేలు కాడే ఆగిపోయింది.
ఆమె రాసుకుంది.
ఎందుకని మాత్రం అడగలే.

పీణ్యలో మా లైనుకు నలభై రెండు మిషన్లు,
గోడకు ఒకే ఒక్క కొయ్య టోకెను.
అది మేకుకు వేలాడతా ఉంటేనే ఎవురన్నా లేవాల.
లేస్తే వెనక బండిళ్ళు పేరుకుంటాయి,
సూపర్‌వైజరు కళ్ళు గడియారానికి పోతాయి.
అందుకే బాటిలు నిండా తీసుకపోయి
నిండానే తెచ్చేదాన్ని.
లగ్గెరె నీళ్ళకు పీణ్య దాకా
రోజూ సికారు.

మూడు దినాలు బోర్లా పడుకోనుండా.
మా రూము నేలను ఇంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలే.
మంచం కింద ఒక తెల్ల బొత్తాము,
ఉగాదికి పోయిందనుకున్న కమ్మ శీల,
ఓబులేసు పెయింటు బ్రష్షు వెంట్రుకలు.
పక్కింట్లో కన్నడ సీరియలు అత్త ఏడుస్తాంది.
ఆమెకేం, కూర్చోనే ఏడుస్తాంది.

ఓబులేసు నీలం టబ్బు తెచ్చినాడు.
"బిడ్డకా?" అని కొట్టాయన అడిగితే
"ఊ" అన్నాడంట.
మాకు బిడ్డలు లేరు.
అదంతా కొట్లో చెప్పబుద్ధి కాలేదంట.
పొద్దున, మాపున నీళ్ళు కాచి,
మోచెయ్యి ముంచి చూసి,
తలుపు దగ్గరికేసి బయట నిలబడతాడు.
ఏం మాట్లాడాల్నో తెలీక
యశవంతపురంలో ఏదో అపార్టుమెంటుకు
ఏ రంగేస్తున్నారో చెప్తాడు.
మీగడ రంగంట. రెండు కోటింగులంట.
గోరువెచ్చని నీళ్ళలో కూర్చోని
నేను ఊ కొడతా ఉంటా.

మొదటి తూరి దొడ్డికి పోయినప్పుడు
కొళాయి పట్టుకోని,
ఏ దేవునికి మొక్కాల్నో తోచలే.
ఇట్లాంటి దానికి దేవుడున్నాడా?
ఆఖరికి అమ్మా అనే అరిచినా.
గోడకవతల జయమ్మత్తకు కూడా అర్థమైనట్టుంది,
రెండు భాషల్లోనూ అదే మాట కదా.
సాయంత్రం గిన్నెడు బొప్పాయి ముక్కలు పంపింది,
ఏమీ అడక్కుండా.

నాలుగో దినం పక్క మిషను హనుమక్క ఫోను.
"కడుపునొప్పి తగ్గిందా?"
ఎందుకో నోరు జారింది.
"మొలలక్కా."
అవతల చానాసేపు ఏం లేదు,
మిషన్ల రొద తప్ప.
మళ్ళ మెల్లగా, చెయ్యి అడ్డం పెట్టుకోని,
"ఏ డాక్టరు? ఎంతయింది?"
ఆ పక్కనుంచి ఇంకెవురో,
"నాకూ అడుగక్కా."

ఈపొద్దు కూర్చున్నా.
గేటు కాడ కిలో లెక్కన అమ్మే కటింగు ముక్కలతో
నడిమధ్య బొక్క పెట్టి, గుండ్రంగా,
నిలబడే, చేత్తోనే కుట్టినా దిండు.
నీలం గళ్ళు.
ఏ దేశంలో ఏ దొర భుజాల మీద ఉండాల్సినవో,
పాపం, ఇక్కడికొచ్చి పన్నాయి.

రేప్పొద్దున డ్యూటీ.
బాటిలు కడిగి బోర్లించినా.
టోకెను మేకుకు ఉంటాదో లేదో,
ఉన్నా లేకున్నా లేస్తానేమో, తెలీదు.
దిండు ఫోటో పంపితే
హనుమక్క అప్పుడే మెసేజీ పెట్టింది:
నాకు కొంచెం పెద్దది కుట్టు.