చిత్రిక

ఏడొందల కిలోమీటర్ల పైనుంచి
పన్నెండు రోజులకోసారి
చిత్తూరు శివార్లను తడిమిపోతుంది రాడారు.
మా గదిలో యంత్రం
ఆ తడుములన్నీ పక్కపక్కన పెట్టుకుని
నేర్చుకుంటుంది:
ఏది వాన తేమ, ఏది గాలి మాయ,
ఏది నిజంగా దిగిన నేల.

మామిడిగుజ్జు ఫ్యాక్టరీ వెనక వీధి
ఏడాదికి పదకొండు మిల్లీమీటర్లు, అంది.
మళ్లీ తనే
నమ్మకం తక్కువ, అంది.

వెళ్లి చూశాను.
మొగిలమ్మ తలుపు మూసి చూపింది.
మూసుకోలేదు.
"ఏటా చిత్రిక పట్టించేది, ఏటా మళ్లా గీసుకునేది.
ఇంక తీసేందుకు చెక్క లేదంటాడు సామీ, ఆచారి."

ఎన్నిసార్లు?
వేళ్లు మడిచింది:
ఫ్యాక్టరీకి మూడో బోరు పడిన ఏడు,
కోడలు కాన్పు ఏడు,
మొన్న.

ఆ మూడు వేళ్లనే
యంత్రానికి పాఠంగా రాసుకొచ్చాను.

తలుపు ఓరగానే ఉంది.
సందులోంచి
మోటరు చప్పుడు.