తూటాల తాళంచెవి

తుపాకీ ఆయనది. తూటాల తాళంచెవి నాది.
ఇరవై రెండేళ్ల కాపురంలో
ఒక్కసారీ మాట తప్పని ఒప్పందం ఇదొక్కటే.

మిలట్రీ వదిలొచ్చి
ముమ్మిడివరంలో బ్యాంకు గుమ్మం కాయడం మొదలెట్టాక
లైసెన్సు పుస్తకంతో పాటు ఇంటికొచ్చింది
జంట గొట్టాల పన్నెండు బోరు.
ఆ సాయంత్రమే వెల్డింగు నూకరాజుని పిలిచి
ఇనప బీరువాని గోడకి బోల్టులు కొట్టించాడు.
లోపల గొలుసు, గొలుసుకి మళ్లీ తాళం.
తూటాలు మాత్రం ఆ గదిలోనే వద్దన్నాడు.
"నిప్పునీ గడ్డిమేటునీ ఒక దొడ్లో ఉంచుతామా సువార్తా?"

అలా వంటింటి అటక మీదికి చేరింది రేకు పెట్టె.
పాతిక తూటాలు, పండుమిరప రంగు,
మధ్యలో చెమ్మ పీల్చే పొట్లాలు.
నెలకోసారి నేనే లెక్కపెట్టాలి.
నేను చదివింది ఐదో తరగతి,
పాతిక దాకా తప్పు రాదు.

ఈ నేలలో ఇనుము బతకదు.
కాలవ తడి ఒకవైపు, సముద్రపుప్పు ఒకవైపు,
చూరులో దోపిన కొడవలి
వారం మర్చిపోతే బెల్లం రంగుకొస్తుంది.
అందుకే ఆదివారం ప్రార్థనయ్యాక
తలుపు గడియ పెట్టి, గొట్టం విరిచి,
ఖాళీయేనని కళ్లతో చూసి
చిటికెనవేలు పెట్టి మళ్లీ చూసేవాడు.
"కన్ను అబద్ధం ఆడుద్ది. వేలు ఆడదు."
నూనె గుడ్డ లోపలికి దూర్చి లాగితే
ఆ వాసన సోమవారం దాకా
పులస పులుసుని కూడా ఓడించేది.

మనవడు జోయెల్ ఒకసారి అడిగాడు,
తాతా, బీరువా తాళం ఎక్కడ పెడతావని.
మొలతాడు చూపించి,
"నేను నీళ్లు పోసుకునేటప్పుడు కూడా ఇక్కడే" అన్నాడు.
వాడు నవ్వాడు. ఆయన నవ్వలేదు.

ఎలక్షన్లొస్తే స్టేషన్లో అప్పగించి
రసీదు తెచ్చి ప్రార్థన పుస్తకంలో పెట్టేవాడు.
ఆ రెండు నెలలూ ఖాళీ బీరువాకే
పూటపూటా తాళం లాగి చూసేవాడు.
చేతికి అలవాటు తప్పకూడదట.

గౌతమి ఇళ్లలోకొచ్చిన ఏడు
ముందు పడవలో ఆయనా తుపాకీ,
వెనక పడవలో నేనూ, బియ్యం మూటా,
మూటలో రేకు పెట్టె.
"ఇద్దరూ ఒకే పడవెక్కొచ్చుగా వదినా" అంది శాంతకుమారి.
మేమిద్దరం ఎక్కొచ్చు. అవి రెండూ ఎక్కకూడదు.

తర్వాత బ్యాంకులో కెమెరాలు బిగించారు.
మనిషక్కర్లేదన్నారు.
వచ్చిన డబ్బు రొయ్యల చెరువులో పోస్తే
ఒక్క వారంలో చెరువంతా తెల్లగా తేలింది.

శ్రావణంలో ఒక రాత్రి, వాన, కరెంటు లేదు.
"తాళంచెవి ఇలా తే.
తూటాలకి చెమ్మ పట్టిందేమో చూడాలి."
చెమ్మ ఎక్కడుందో ఆ గొంతు చెప్పింది.
మొన్నే లెక్కపెట్టాను, పొడిగానే ఉన్నాయన్నాను.
చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.
నేను గిన్నెలు తోమడం మొదలెట్టాను.
తోమినవే మళ్లీ తోమాను.
నా వెనక గోడ మీద, చింతపండు జాడీలో,
అది ఉన్న చోట అది ఉంది.
ఆయన అడుగు వంటింటి గడప దాకా వచ్చి ఆగింది.
ఎంతసేపు ఆగిందో
నా చేతిలోని పీచుకి తెలుసు.

తెల్లారి టీ ఇచ్చి, స్టేషనుకి పోదాం పద అన్నాను.
"ఇప్పుడు ఎలక్షన్లు లేవుగా" అన్నాడు.
నాకున్నాయి అన్నాను.
చాలాసేపు నా మొహంలోకి చూశాడు.
తర్వాత లేచి చొక్కా తొడుక్కున్నాడు,
బొత్తాం ఒకటి తప్పు కాజాలో పెట్టాడు,
సరిచేశాను.

ఆటో ఒక్కటే దొరికింది.
ఆయన డ్రైవరు పక్కన, నేను వెనక.
రైటరు రెండు రసీదులు రాసిచ్చాడు.

ఇప్పుడు అటక మీద పెట్టె లేదు.
జాడీలోంచి తాళంచెవి మాత్రం తియ్యలేదు నేను.
చింతపండు కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా
చల్లగా వేలికి తగులుతుంది.
కన్నుతో చూడను.