తాత్కాలికం

వేతె ఆసుపత్రిలో చివరి గది నాది.
కుర్చీ వెనక్కి వాల్చే మీట విరిగి ఏడేళ్ళు.
వంపు చాలకపోతే దిండు మడిచి పెడతాను.

కోతకాలంలో పెంబా దీవంతా లవంగం.
తారు రోడ్డు అంచున చాపలమీద ఎండుతుంటే
బస్సులు కూడా పక్కకు తప్పుకుపోతాయి.
అలాంటి రోజుల్లో వచ్చాడు ఫకీ షామె,
గడ్డం కిందనుంచి నడినెత్తికి గుడ్డ బిగించుకుని,
మోకాళ్ళమీద చెట్టుబెరడు గీతలతో.

"పీకొద్దు జువేనా.
ఇంకా నలభై చెట్లున్నాయి.
కోత అయ్యేదాకా ఆపు, చాలు."

ఆపేవాటికి నా బీరువాలో కొదవలేదు.
జింకు ఫాస్ఫేటు పాతకాపు.
చల్లని గాజుపలకమీద
పొడిని చిటికెడు చిటికెడుగా పులుపులోకి దింపాలి.
ఆత్రపడి గుమ్మరిస్తే
వేడెక్కి, చేతిలోనే బిగుసుకుపోతుంది.
లోహపు తొడుగులకు అదే నమ్మకం.

సున్నం ముద్ద చిన్న గొట్టంలో ఉంటుంది.
గుంట నరానికి వెంట్రుకవాసిలో ఆగినప్పుడు
అడుగున ఒక్క చుక్క,
పసిబిడ్డ మాడుకు నూనె అద్దినట్టు.

రెజిను రాజధానినుంచి వచ్చింది,
గట్టిపరచడానికి నీలి దీపంతో సహా.
దీపం బాగానే ఉంది.
కరెంటు మూడింటికి వస్తుంది,
వస్తే.

ఫకీ పిప్పిపన్నుకు నేను తీసింది
తెల్లని జింకు పొడి, గోధుమరంగు సీసా.
రెండు చుక్కలు వేసి
గరిటెతో పలకమీద నూరుతున్నాను.
వానగాలికి తొందరగా బిగుస్తుంది,
చెయ్యి ఆడుతూనే ఉండాలి.

మూసుకున్న కళ్ళు తెరిచాడు.
నోట్లో దూది, మాట ముద్దముద్దగా ఉంది:
"ఇది మాదే."

సీసామీద ఏదో చలిదేశపు చిరునామా.
లోపలున్నది లవంగం సారమే.
ఎవరి చెట్టుదో సీసా చెప్పదు.
ధర అడిగాడు. చెప్పాను.
అన్ని షిల్లింగులకు ఎన్ని కొలతల మొగ్గలు కొయ్యాలో
వేళ్ళమీద లెక్కపెట్టి,
రెండు చేతులూ అయిపోయాక మానేశాడు.
తర్వాత నవ్వబోయాడు.
"కదలకు" అన్నాను.

నొప్పి దిగింది.
పంటి బిగువున పట్టుకొచ్చిన భుజాలు
ఒక్కసారిగా కుర్చీలో జారాయి.
చీటీమీద రాశాను: తాత్కాలికం.
మూడు నెలల్లో తప్పక రావాలి.

రాలేదు.
రెండు కోతలు గడిచాయి.

వచ్చింది కూతురి పాలపన్ను కోసం.
పిల్ల పేరు మ్వానకోంబో.
ఊగుతున్న పన్నును నాలుకతో తనే తోసి
గుప్పిట్లో దాచేసింది, నాకు పని మిగల్చలేదు.
దీపం చేతిలో ఉంది కదా అని
తండ్రి నోట్లోకి చూశాను.
నా తాత్కాలికం అక్కడే ఉంది,
అంచులు చెల్లని నాణెంలా అరిగి,
మధ్యలో చిన్న పల్లం పడి, ఇంకా ఉంది.

తిట్టాను. నిజంగానే తిట్టాను.
తిడుతూ మనసులో మురిశాను కూడా.

శిక్షణకొచ్చిన కుర్రాడు రెజిను తీశాడు.
"లవంగం సోకిన చోట అది సరిగ్గా గట్టిపడదు,
ఆ దీపాన్ని అక్కడ పెట్టు" అన్నాను.
పాతది గీకుతుంటే
గదంతా మళ్ళీ కోతకాలం.

ఈసారి గాజుపొడి, పుల్లని నీళ్ళు.
పన్నులోని సున్నంతో చేయి కలిపి నిలుస్తుందది,
కొన్నేళ్ళపాటు కొంచెం కొంచెం ఫ్లోరైడు వదులుతుంది.
అద్ది, అదిమి, మిగిలింది చెక్కి,
"కొరుకు" అన్నాను. కొరికాడు.

"దీనికి వాసనే లేదేం?"
"ఉండదు."
"ఏంటిది?"
"గాజు."
"ఎవరిది?"

పలక తుడుస్తూ ఉండిపోయాను.
పిల్ల గుప్పిట విప్పి
పన్నును వెలుతురుకు ఎత్తి చూస్తోంది.